పదకొండు నిమిషాలు

మూడో కుర్చీ కాలి కింద పెట్టిన అట్టముక్కని వెర్నా స్టౌఫర్ బూటు కొనతో లోపలికి నెట్టి, కుర్చీ వీపు పట్టుకుని ఒకసారి ఊపి చూసింది. కదల్లేదు. రాత్రిళ్ళు ఊడ్చే మనిషి చీపురు తగిలి ఆ ముక్క రోజూ బయటికి వస్తుంది. రోజూ పొద్దున్న ఏడూ నలభైకి ఆమె దాన్ని మళ్ళీ లోపలికి తోస్తుంది. నడుములు దెబ్బతిన్న మనుషులు కూర్చునే కుర్చీ ఊగకూడదని ఆమె పట్టుదల. కంపెనీ వాళ్ళ తనిఖీ జాబితాలో కుర్చీల ఊసే లేదు.

ఒహైయో నది పక్కన బెల్మోర్ ఊళ్ళో, బట్టలుతికే దుకాణానికీ మూతపడిన పిజ్జా కొట్టుకీ మధ్య ఉందా గది. ఇంతకుముందు అది బూట్ల దుకాణం. ఆ రోజుల నాటి వాలు అద్దం ఒకటి మోకాలి ఎత్తున గోడకి ఇంకా ఉంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి అందులో వాళ్ళ బూట్లు తప్ప ఇంకేమీ కనపడవు. పరీక్షకి వచ్చే మాజీ సైనికులు ఆ అద్దం చూసి, వెంటనే వంగి బూటు ముక్కు తుడుచుకుంటారు. వంగలేనివాళ్ళు కూడా పళ్ళు బిగించి వంగుతారు. వాళ్ళ కొంప ముంచేది ఆ అలవాటేనని రెండేళ్ళుగా చూస్తున్న వెర్నాకి తెలుసు.

సైన్యంలో ఒళ్ళు పాడుచేసుకున్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా పింఛను ఇస్తుంది. ఎంత పాడైందో డాక్టరు చూసి రాయాలి. వెనకటికి ఆ పని సర్కారు ఆసుపత్రుల్లోనే ఎక్కువగా జరిగేది. ఇప్పుడు చాలామట్టుకు కంపెనీలకి అప్పజెప్పారు. కంపెనీ ఎక్కడో ఒక గది అద్దెకి తీసుకుంటుంది, ఒక డాక్టర్ని మాట్లాడుకుంటుంది, బల్ల దగ్గర వెర్నాలాంటి మనిషిని కూర్చోబెడుతుంది. రిపోర్టు మాత్రం తిన్నగా ప్రభుత్వానికి పోతుంది. ఒళ్ళు చూపించుకున్నవాడికి తన ఒంటి గురించి ఏం రాశారో తెలియదు. తెలుసుకోవాలంటే ప్రభుత్వానికి కాగితం పెట్టుకుని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడాలి. ఆ సంగతి అడిగినవాళ్ళకి చెప్పాల్సిన జవాబు కూడా కంపెనీయే అచ్చు వేయించి ఆమె బల్లకి అంటించింది: “మా దగ్గర రికార్డులు ఉండవు. పరీక్ష గురించి మేము మాట్లాడము. దయచేసి ప్రభుత్వానికి రాసుకోండి.” ఆ మూడు వాక్యాలూ ఆమెకి నిద్రలో లేపినా వస్తాయి.

ఆవేళ గురువారం, డాక్టర్ హాల్‌స్టెడ్ వచ్చే రోజు. మధ్యాహ్నం రెండింటికి ప్రధాన కార్యాలయం నుంచి క్రిస్టా కూడా తనిఖీకి వస్తోంది. వెర్నా బల్ల రెండుసార్లు తుడిచింది. పరీక్ష గదిలోకి వెళ్ళి పొడుగు బల్ల మీద కొత్త కాగితం పరిచి, కింది సొరుగు లాగి చూసింది. కీళ్ళ వంపు కొలిచే బద్ద అందులోనే ఉంది. రెండు ప్లాస్టిక్ చేతులు, మధ్యలో అంకెల చక్రం, పైన కంపెనీ సీలు వేసిన పారదర్శకమైన కవరు. గది తెరిచిన రోజున ఎలా వచ్చిందో ఇవాళ్టికీ అలాగే ఉంది. భుజమో మోకాలో ఎంతవరకు కదులుతుందో ఆ బద్ద పెట్టి కొలవాలి, మళ్ళీమళ్ళీ కదిలించి కొలవాలి. నియమం అది. హాల్‌స్టెడ్ కళ్ళతోనే కొలుస్తాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా నెలనెలా సొరుగు చూసి, జాబితాలో ‘ఉంది’ అన్న గడిలో టిక్కు పెడుతుంది, పక్కన పొడి అక్షరాలు వేస్తుంది. ఇప్పటికి ఇరవై మూడు నెలలు, ఇరవై మూడు సంతకాలు.

సంతకమంటే ఆమెకి ఆషామాషీ వ్యవహారం కాదు. ఆమె ముప్ఫై ఒక్కేళ్ళు ఊళ్ళోని పింగాణీ కంపెనీలో తనిఖీ పని చేసింది. కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తామే, అలాగే బట్టీలోంచి వచ్చిన ప్రతి పళ్ళేన్నీ చిన్న కొయ్య పుల్లతో తట్టి వినేది. మంచి పళ్ళెం ఖంగుమంటుంది. బీట ఉన్నది, కంటికి కనపడకపోయినా, బొంగురుగా పలుకుతుంది. ఖంగుమన్నదాని అడుగున పద్నాలుగు అని అంకె వేసేది. అది ఆమె నంబరు. ఎక్కడ ఏ ఇంట్లో ఆ పళ్ళెం పగిలినా తిరగేసి చూస్తే తన పేరు బయటపడుతుందని ఆమె భయం, గర్వం కూడా. కంపెనీ మూతపడింది. ఆ తరవాత ఆరేళ్ళకి భర్త లోయెల్ పోయాడు. ఇల్లు ఆమెదే, ఆకలికి లోటు లేదు. కానీ ఆమెకి చక్కెర జబ్బు. అరవై అయిదు నిండితేగాని ప్రభుత్వ బీమా రాదు, దానికింకా పద్నాలుగు నెలలుంది. అంతవరకు మందులకీ డాక్టరుకీ ఈ ఉద్యోగమే దిక్కు.

హాల్‌స్టెడ్ ఎనిమిదింటికి కాఫీ గ్లాసుతో వచ్చాడు. డెబ్భై ఏళ్ళ వయసు, ఎర్రటి ముఖం, చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేసి ఎప్పుడో రిటైరయ్యాడు. చెడ్డవాడేమీ కాదు. వచ్చినప్పుడల్లా వెర్నా బల్ల మీద రెండు పిప్పరమెంట్లు పెడతాడు, అవి తినకూడదని ఆమె ఎన్నోసార్లు చెప్పినా మరిచిపోతాడు.

“ఇవాళ ఎంతమంది, వెర్నా?”

“పదమూడు మంది.”

“అబ్బో! అయితే భోజనం గోవిందా.”

మొదటగా వచ్చినాయన ఫెరెల్ బిన్స్. డెబ్భై ఆరేళ్ళు, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. పేరు పిలవగానే లేచి, చేతికర్రని కుర్చీకి ఆనించి వదిలేశాడు.

“కర్ర తీసుకెళ్ళండి, బిన్స్ గారూ.”

“ఎందుకులే మేడమ్. డాక్టరు గారి ముందు ముసలాడిలా కుంటుకుంటూ పోవాలా ఏమిటి?”

వెర్నా బల్ల వెనకనుంచి వచ్చి కర్ర తీసి ఆయన చేతిలో పెట్టింది. ఏం చెప్పుకోవాలో, ఎలా నడవాలో వచ్చినవాళ్ళకి నేర్పకూడదని నియమం. కర్ర చేతికి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఆయన నవ్వి, కర్రని తుపాకీలా భుజానికి ఆనించుకుని, నేలకి తగలనివ్వకుండా లోపలికి నడిచాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

తలుపు పల్చటి చెక్క. “ఎలా ఉన్నారు ఇవాళ?” అని డాక్టరు అడగడం, “బ్రహ్మాండంగా ఉన్నాను సార్!” అని బిన్స్ అనడం ఆమెకి స్పష్టంగా వినబడ్డాయి. మర్యాదకి చెప్పే ఆ మాటే రిపోర్టులో, ‘బాధలేమీ లేవన్నారు’ అని ఎక్కుతుంది. వెర్నా చిన్న నోటుబుక్కు తీసి తలుపు మూసిన వేళ రాసుకుంది. ఇంటిపేరు కాదు, రెండు పొడి అక్షరాలే. బట్టీ తలుపు ఎప్పుడు మూశారో ఎప్పుడు తెరిచారో రాసి పెట్టుకోవడం పింగాణీ కంపెనీలో పట్టుబడిన అలవాటు. ఇక్కడైతే, తరవాతి మనిషికి ఇంకెంతసేపో చెప్పడానికి పనికొస్తుంది. ఎఫ్.బి., 8:05. తలుపు తెరుచుకునేసరికి, 8:14.

మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె జున్ను, పీచ్ పండు ముక్కలు ఉన్న డబ్బా మూత తీసి ఒక చెంచా నోట్లో పెట్టుకుందో లేదో, గాజు తలుపు తోసుకుని ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. ఎడమచేత్తో తోశాడు. కుడిచేయి కోటు జేబులో దూర్చి ఉంది, బరువు మోయలేక అక్కడ దాచుకున్నట్టు. ఆ చేయి చూడగానే మనిషి ఎవరో ఆమెకి గుర్తొచ్చింది.

“నేను రాయిస్ టాకెట్, మేడమ్. కిందటేడు ఇక్కడికి వచ్చాను, భుజం చూపించుకోడానికి. గుర్తుండి ఉండదు లెండి.”

గుర్తుండకపోవడమేమిటి? యాభై ఏడేళ్ళ మనిషి. సైన్యంలో ట్రక్కులు బాగుచేస్తుంటే జాకీ జారి బండి చక్రం భుజం మీద పడింది. ఆ తరవాత ఇళ్ళ కప్పులు వేసి బతికాడు. ఆ రోజు ఎడమచేత్తో గీసుకున్నాడేమో, గడ్డం మీద రెండు గాట్లున్నాయి. డాక్టరు చేయి ఎత్తమనగానే పైకంటా ఎత్తేశాడని తలుపులోంచి వినబడ్డ “భేష్” అన్న మాటని బట్టే ఆమెకి అర్థమైంది. ఎత్తు అంటే ఎత్తడమే, దింపు అంటే దింపడమే, సైన్యం నేర్పింది అదే. బయటికొచ్చాక ఆ చేయి ఛాతీ ఎత్తుకి కూడా లేవలేదు. కోటు తొడుక్కోలేక నిలబడిపోతే తనే వెళ్ళి కోటు పట్టుకుని తొడిగింది. ఆయన ముఖం మీంచి చెమట బొట్లు తన మణికట్టు మీద పడ్డాయి.

“రిపోర్టు వచ్చింది మేడమ్. ఎనిమిది నెలలు పట్టింది. పింఛను కాదన్న ఉత్తరం మాత్రం పరీక్షైన నెలకే వచ్చిందండోయ్. దానికి కాళ్ళున్నాయి, ఇది పాకుతూ వచ్చింది.” కాగితాలు బల్ల మీద పెట్టి, ఒక వరస కింద వేలు ఉంచాడు. “ఇది చదవండి.”

“మా దగ్గర రికార్డులు ఉండవు. పరీక్ష గురించి మేము...”

“మీ దగ్గర లేవు, నా దగ్గరున్నాయి. చదవమంటున్నా అంతే.”

ఆమె చదవకూడదనుకుంటూనే చదివింది. ‘భుజం కదలికను బద్దతో మూడుసార్లు కొలవడమైనది. నొప్పి కనిపించలేదు. పరీక్షకు పట్టిన సమయం: నలభై అయిదు నిమిషాలు.’ చేతిలోని చెంచా బల్ల మీద పెట్టేసింది.

“నలభై అయిదు నిమిషాలట. బద్దట. నేను బద్ద మొహమే చూడలేదు మేడమ్. లోపల ఉన్నది మేమిద్దరం. ఆయన మాటకి విలువుంది, నాది ఎవడు వింటాడు? బయట మీరున్నారు. నేనెంతసేపున్నానో మీకు తెలుసు.” ఆయన కోటు లోపల్నుంచి ఇంకో కాగితం తీశాడు. సాక్షి చెప్పే మాటలు రాసే ఫారం, ఖాళీగా ఉంది. “రేపటితో అప్పీలు గడువు ఆఖరు. నిచ్చెన ఎక్కి పదమూడు నెలలైంది. ఇంకోసారి కాదన్నారంటే ఇల్లు అమ్ముకోవడమే నాకు మిగిలింది.”

“టాకెట్ గారూ, నేను ఇది రాస్తే నా ఉద్యోగం పోతుంది.”

“తెలుసు.” ఆయన కాసేపు వాలు అద్దంలో తన బూట్లకేసి చూశాడు. “మిమ్మల్ని అడగడం తప్పే. నా కోటు పట్టుకున్నారు కదాని అడిగాను. అయిదింటిదాకా బయట ట్రక్కులో ఉంటా. మీరు రాకపోతే మనసులో ఏమీ పెట్టుకోను. ఒట్టు.”

ఫారం బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. వెర్నా దాన్ని తనిఖీ జాబితా కింద దాచింది. కాళ్ళ కింద తేలు ఉన్నట్టు కదలకుండా కూర్చుంది. అద్దాల కిటికీలోంచి ఎదురుగా, చెత్త డబ్బాల పక్కన, ఆయన ఆకుపచ్చ ట్రక్కు కనపడుతూనే ఉంది. జున్ను డబ్బా మూత పెట్టేసింది. నోటుబుక్కు వెనక్కి తిప్పింది. కిందటేడు అక్టోబరు, ఆర్.టి., 10:20. 10:31. పదకొండు నిమిషాలు.

క్రిస్టా రెండింటికి ఒక నిమిషం ముందే వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల, చురుకైనది, కొత్త బూట్లు కరుస్తున్నాయేమో మడమలు పైకెత్తి నడుస్తోంది. గోడ మీది నోటీసులు, చేతులు కడుక్కునే సబ్బు, మంటలార్పే సిలిండరు తేదీ, అన్నీ చేతిలోని టాబ్లెట్ తెర మీద వేలితో టిక్కు పెట్టుకుంటూ పోయింది. రెండు పరీక్షల మధ్య లోపలి గదికి వెళ్ళి సొరుగు లాగింది. వెర్నా గుమ్మంలో నిలబడి చూసింది. ఇదిగో, ఇప్పుడు చూస్తుంది. చూశాక అడక్క తప్పదు. అడిగితే నేను చెప్పాల్సిన పనే ఉండదు, అనుకుంది. ఆ క్షణాన ఆమెకి చెప్పలేనంత ఆశ కలిగింది.

క్రిస్టా కవరుని వెలుతురుకి ఎత్తి చూసి నవ్వింది.

“చూడండి, ఎంత శుభ్రంగా ఉంచారో! మిగతా చోట్ల ఇది జిడ్డోడుతూ ఉంటుంది. మీ కేంద్రానికి దీనికి పూర్తి మార్కులు.”

“అది వాడలేదమ్మా.”

“అదే అంటున్నా. కొత్తదానిలా ఉంది.”

“వాడకపోతే కొత్తదానిలా కాక ఎలా ఉంటుంది? జాబితాలో ‘ఉంది’ అని గడి ఉంది. ‘వాడారు’ అని గడి లేదు.”

క్రిస్టా ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, కానీ గట్టిపడింది. బద్దని సొరుగులో పెట్టి, సొరుగు మూసి, గొంతు తగ్గించింది. “వెర్నా గారూ, డాక్టరు ఎలా చూస్తాడన్నది డాక్టరు ఇష్టం. వస్తువు ఉందా లేదా, అంతే మన పని. మీరు మా అమ్మలాంటివారు కనక చెబుతున్నా. ఇవన్నీ నెత్తిన వేసుకోకండి.” అంటూ కిటికీ వైపు చూసింది. “ఆ ట్రక్కు ఎవరిది? నేను వచ్చినప్పట్నించీ మనిషి అందులోనే ఉన్నాడు.”

“పాత పేషెంటు.”

“రికార్డు కావాలన్నాడా? ఏం చెప్పారు?”

“బల్ల మీద ఉన్నదే చెప్పాను.”

“మంచి పని చేశారు. మనవాళ్ళెవరైనా పరీక్ష గురించి ఒక్క ముక్క బయట అన్నారంటే, ఆ రోజే ఆఖరి రోజు. పైవాళ్ళు నా మాట కూడా వినరు.”

మూడున్నర. మూడూ నలభై అయిదు. సైన్యంలో నర్సుగా పనిచేసినావిడ ఒకరు మోకాళ్ళు చూపించుకోడానికి లోపలికి వెళ్ళింది, ఎనిమిది నిమిషాల్లో బయటికి వచ్చింది. “అయిపోయిందా? ఇంతేనా?” అని వెర్నాని అడిగింది. వెర్నా మూడు వాక్యాల్లో మొదటిది మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఆవిడ కళ్ళు తిప్పుకుని వెళ్ళిపోయింది. వెర్నాకి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళలో బొంగురు పలికిన పళ్ళెం ఒక్కదాని మీద కూడా తను పద్నాలుగు వెయ్యలేదు. రోజుకి ఇన్ని కావాలని మేస్త్రీ నెత్తిన కూర్చుని అరిచిన రోజుల్లో కూడా వెయ్యలేదు. ఈ గదిలో మాత్రం ఇరవై మూడుసార్లు వేసింది.

హాల్‌స్టెడ్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. “ఇంకెంతమంది?”

“ఒక్కరే. డాక్టరు గారూ, మీరు ఆ బద్ద ఎందుకు వాడరు?”

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “చూస్తే తెలిసిపోతుంది కదమ్మా? ఇవి నలభై ఏళ్ళుగా రోగుల్ని చూసిన కళ్ళు. ఆ బద్ద పెట్టుకుని కూర్చుంటే పదమూడు మందిని చూసేదెప్పుడు, రిపోర్టులు రాసేదెప్పుడు, నేను ఇల్లు చేరేదెప్పుడు?” జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి ఆమె ముందు పెట్టి, ఆఖరి పేషెంటుని తీసుకుని లోపలికి వెళ్ళాడు.

నాలుగూ ఇరవై. క్రిస్టా మూల కుర్చీలో ఫోను మాట్లాడుతోంది. వెర్నా జాబితా కింద నుంచి ఫారం తీసి, దాపరికం లేకుండా బల్ల మధ్యలో పెట్టింది. అంకెలు వేసి వేసి కుదిరిన దస్తూరీ ఆమెది, ప్రతి అక్షరం విడిగా, నిటారుగా ఉంటుంది.

‘పరీక్ష జరిగినప్పుడు నేను గదిలో లేను. తలుపు బయట ఉన్నాను. తలుపు 10:20కి మూసుకుంది, 10:31కి తెరుచుకుంది. బయటికి వచ్చాక ఈయన కుడిచేయి ఛాతీ ఎత్తుకు లేవలేదు. కోటు నేను తొడిగాను. కీళ్ళు కొలిచే బద్ద ఈ కేంద్రంలో ఒక్కటే ఉంది. దాని కవరు ఈనాటి వరకు చింపలేదు. ప్రతి నెలా చూసి సంతకం పెట్టింది నేనే. అది నా తప్పు.’

చివరి వాక్యం ఎవరూ అడగలేదు. రాశాక ఆమెకి కాస్త ఊపిరి ఆడింది. నోటుబుక్కులో మిగతావాళ్ళ అక్షరాలున్నాయి గనక దాన్ని ఇవ్వడానికి వీల్లేదు. రాయిస్ వరస ఒక్కటే ఫారంలోకి ఎత్తి రాసి, తేదీ వేసి, కింద పూర్తి పేరు రాసింది.

ఆఖరి పేషెంటు వెళ్ళాడు. హాల్‌స్టెడ్ కారు కూడా కదిలింది. అయిదుకి ఇంకా పావుగంట ఉంది. వెర్నా కోటు తొడుక్కుని, ఫారం చేత పట్టుకుని, క్రిస్టా ముందు నుంచే తలుపు తీసుకుని వెళ్ళింది. క్రిస్టా ఫోను చెవికి దూరంగా పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. వెర్నా వెనక్కి చూడలేదు. ట్రక్కు దాకా నలభై అడుగులు కూడా ఉండవు, ఆమెకి మాత్రం నది దాటుతున్నట్టు అనిపించింది.

రాయిస్ కిటికీ అద్దం దింపి, కాగితం తీసుకుని చదివాడు. చదవడం అయ్యాక కూడా దాన్నే చూస్తూ ఉన్నాడు.

“ఆఖరి ముక్క ఎందుకు రాశారు మేడమ్? మిమ్మల్ని పట్టిస్తుంది.”

“అది లేకపోతే మిగతాది ఎవరూ నమ్మరు. రేపు మాత్రం ఎవరు ఎలా ఉన్నారని అడిగినా ‘బ్రహ్మాండంగా’ అని అఘోరించకండి.”

ఆయన నవ్వబోయాడు, కళ్ళు నిండాయి. కుడిచేయి కొంచెం లేపబోయి ఆగి, ఎడమచేత్తో సెల్యూట్ చేశాడు. తప్పు చేత్తో చేసిన ఆ సెల్యూట్ చూసి వెర్నా ముఖం తిప్పుకుంది. ట్రక్కు వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడింది.

లోపల క్రిస్టా ముఖం పాలిపోయి ఉంది. “ఏమిచ్చారు ఆయనకి? చెప్పకండి. వద్దు, నాకు చెప్పకండి.” కుర్చీలో కూలబడింది. “ఎందుకు చేశారిలా? ఇంకో సంవత్సరం ఓపిక పడితే సరిపోయేది కదా!”

“పద్నాలుగు నెలలు,” అంది వెర్నా.

ఆ నెల జాబితా తీసి బద్ద వరస దగ్గర ‘ఉంది’ గడిలో టిక్కు పెట్టింది. పక్కన ఖాళీలో, ‘వాడలేదు’ అని రాసింది. తరవాత పరీక్ష గదిలోకి వెళ్ళి, కింది సొరుగు లాగి, బద్దని పొడుగు బల్ల మీద పెట్టింది. బల్ల మీది నల్ల మార్కరు తీసుకుని, కవరు మూత అంటించిన చోట, సగం అటూ సగం ఇటూ వచ్చేలా ఒక అంకె వేసి, ఆరేదాకా ఊదింది. మళ్ళీ సొరుగులో పెట్టింది. సొరుగు మూయలేదు.

మెడలోని గుర్తింపు కార్డు, తాళంచెవి బల్ల మీద ఉంచి, పిప్పరమెంట్లు మూడింటినీ క్రిస్టా వైపు జరిపింది. పోతూ పోతూ మూడో కుర్చీ వీపు పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు.

“రేపటినుంచి ఆ కాలి కింద అట్ట చూసుకుంటూ ఉండమ్మా,” అని చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక చాలాసేపటికి క్రిస్టా లేచి లోపలి గదిలోకి వచ్చింది. తెరిచి ఉన్న సొరుగులో, రెండేళ్ళుగా ఒక్క భుజాన్నీ ఒక్క మోకాలినీ తాకని బద్ద అలాగే ఉంది. చింపాలంటే అంకె మధ్యలోంచే చింపాల్సిన దాని కవరు మీద, పద్నాలుగు అని.